రెండు పొరల సీసాతో తెనాలి దాకా

ఆ రోజుల్లో నాకు దేవుడి తర్వాత అంత భయం మా కెమిస్ట్రీ మేడమ్ అంటేనే. (ఇప్పుడు నేనే మేడమ్‌ని, నాకు భయపడే పిల్ల ఒక్కత్తీ కనపడదు.) బాపట్లలో ఎమ్మెస్సీ చివరి ఏడాది. నాలుగు నెలలు తంటాలు పడి తయారుచేసిన నారింజరంగు పొడిని స్ఫటికాలుగా పెంచాలి. బరువైన ద్రావణిలో పొడి కరిగించి, పైన తేలికైన మరో ద్రావణిని సీసా గోడ వెంట చుక్కచుక్కగా దించితే రెండూ పొరలుగా నిలుస్తాయి. రోజుల తరబడి నెమ్మదిగా కలుస్తుంటే ఆ హద్దు దగ్గర స్ఫటికాలు మొలుస్తాయి. కుదిపితే మిగిలేది బురదే. మూడుసార్లు నాకు బురదే వచ్చింది. ఉన్న చివరి చిటికెడుతో నాలుగోసారి పొరలు వేసిన మర్నాడే ల్యాబుకి సున్నం వేయిస్తామని, అన్నీ ఖాళీ చేయమన్నారు. "తెనాలి కాలేజీలో మా స్నేహితురాలి ల్యాబులో పెట్టిరా. కదిలిందో, మళ్లీ మొదటికి రావాల్సిందే" అన్నారు మేడమ్.

రైలు కిక్కిరిసి ఉంది. వేలెడంత సీసాని రెండు చేతులతో గుండెకి ఆనించుకుని నిలబడ్డాను. (అలాంటివి రైల్లో తీసుకెళ్లకూడదని ఇప్పుడు పిల్లలకి గట్టిగా చెబుతుంటాను.) పెట్టె ఊగినప్పుడల్లా నారింజ హద్దు వణికేది, నేనూ వణికేదాన్ని. రేపల్లెలో కూతురింటికి వెళ్తున్న తెల్లచీర పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి, "ఏంటమ్మాయ్, అంత భద్రంగా పట్టుకున్నావ్? చర్చి అయ్యగారిచ్చిన ప్రార్థన నూనా?" అంది. కాదండి అనాల్సింది. తల మాత్రం అవునన్నట్టు ఊగింది. "లేవండయ్యా, ప్రార్థన నూనెంట! పిల్లని కూర్చోనీండి!" ఎదుటి వరసలో ఒకాయన వెంటనే లేచాడు. కూర్చున్నాక, మా నాన్న చర్చిలో సంఘపెద్ద అన్న సంగతి గుర్తొచ్చి చెమటలు పట్టాయి.

నిడుబ్రోలు దాటగానే ఆవిడ ముందుకి వంగింది. "ఒక్క చుక్క మోకాలికి రాయి తల్లీ, ఆర్నెల్లుగా నొప్పి." అంటూనే చెయ్యి సీసా మూతమీద పడింది. "వద్దత్తా! నూనె కాదండి, కాలేజీ మందండి! ఒంటికి తగిలితే మండుద్దండి. కుదిపితే నా చదువు పోద్దని అబద్ధమాడానండి" అంటూ ఏడ్చేశాను. సీటిచ్చినాయన, "అయితే లే మరి" అన్నాడు. సగం లేచానో లేదో, బండికి బ్రేకు పడింది. ముందుకి తూలాను. సీసా కూడా తూలేదే. ఆవిడ నా మణికట్లు రెండూ ఒడిసిపట్టింది. "కూర్చోవే! చదువు కోసమని చెప్తే సీటివ్వమా? మధ్యలో దేవుణ్ణెందుకు లాగావ్?"

తెనాలి దాకా ఆ పట్టు వదల్లేదు. పక్క ప్లాట్‌ఫారం మీద తనెక్కాల్సిన రేపల్లె బండి కూత వేస్తున్నా, నన్ను ఆటో ఎక్కించి, "గుంటల్లోకి పోనిచ్చావంటే ఊరుకోనబ్బాయ్" అని డ్రైవర్ని బెదిరించి, కుంటుకుంటూనే వెనక్కి పరుగెత్తింది.

ఆరో రోజున తెనాలి నుంచి ఫోను. మేడమ్‌తో వెళ్లి చూస్తే సీసా గోడకి సూదుల్లా నారింజ స్ఫటికాలు. మేడమ్ కళ్లజోడు తుడుచుకుని రెండోసారి చూసి, "నీ చెయ్యి నిలకడమ్మాయ్" అన్నారు. నేను సిగ్గులేకుండా "అవునండి" అన్నాను. ఆ నెలంతా తెనాలి వెళ్లినప్పుడల్లా రేపల్లె బండి దగ్గర ప్రతి తెల్లచీరనీ తొంగిచూశాను, ఈ కబురు చెబుదామని. పొరల మధ్య వెంట్రుకంత హద్దుని అంత శ్రద్ధగా చూసిన నేను, ఆవిడ పేరైనా అడగలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త సిగ్గుగానూ ఉంటుంది.