లోపలి గదికి రంగు

గది ఊడ్చిన ప్రతిసారీ రాజ్యలక్ష్మి కిటికీ రెక్కల మీద అరచేయి ఆనించేది. చెక్క వెచ్చగా తగిలితే తూర్పున ఎండ ఎక్కినట్టు. ఆ కిటికీ తెరుచుకోక నాలుగేళ్ళయింది.

ఉప్పు ఊరేగింపులు సాగిన ఏడు, ఏలూరు వీధిలో పాటలు వినిపించి ఆమె ఆ కిటికీ దగ్గర నిలబడింది. అంతే. మర్నాడు సర్కారు ఉద్యోగపు కచేరీలో ఎవరో ఆమె భర్త ఉమామహేశ్వరరావుతో, మీ ఇంటావిడకు దేశభక్తి మెండండీ, ఊరేగింపు దాటేదాకా కిటికీ వదల్లేదు అని నవ్వారట. సాయంత్రం ఆయన సుత్తీ మేకులూ పట్టుకుని వచ్చాడు. కిటికీ రెక్కలకు నాలుగు మేకులు కొట్టి కాళ్ళు కడుక్కున్నాడు.

పందొమ్మిది వందల ముప్పైనాలుగులో ఆయనకు ఇల్లంతా రంగు వేయించాలని బుద్ధి పుట్టింది. మునసబుగారి బంగళాలో చూసి వచ్చిన రంగు. తెలుపూ కాదు, పసుపూ కాదు, కంటికి కొట్టనిది. ఆ బంగళాకు వేసిన యోబునే పిలిపించాడు. యోబుది కైకలూరు వైపు. కొల్లేటి గుల్లలు కాల్చిన సున్నంలో పసుపుమట్టీ బొగ్గుపొడీ కలిపేవాడు. అతను వేసిన గోడకు మళ్ళీ చేయి పెట్టనక్కర్లేదని పేరు. ఆ పేరు మీదే ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పని దొరికేది.

క్రైస్తవ పేటవాడు కనుక వసారా దాటి రాకూడదు. లోపలి గదులకు అతను పెరట్లో కలిపి పెడితే రాజ్యలక్ష్మి పూయాలి. సున్నానికి మైల లేదని అత్తగారు సూర్యకాంతమ్మ తీర్పు.

చూడని గదికి రంగు కలపాలంటే యోబు వెలుతురు సంగతి అడుగుతాడు.

"లోపలి గది కిటికీ ఎటుందండీ అమ్మగారూ?"

"తూర్పు."

"పొద్దుటెండ పడుద్దాండీ?"

మేకుల సంగతి చెబితే, ఎందుకు కొట్టారండీ అంటాడు.

"పడుతుంది," అంది. చెక్క మీద పడేది నిజమే.

ఎండ జిగి తగ్గాలని అతను బొగ్గుపొడి పిడికెడు ఎక్కువ వేశాడు. గోడలు ఆరాక దీపం పట్టి చూస్తే గది కాటి బూడిదలా ఉంది. సూర్యకాంతమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. బతికుండగా ఇందులో పడుకోనంది.

ఉమామహేశ్వరరావు యోబును వసారా కింద నిలబెట్టి, మునసబుగారింట్లో వేసింది నువ్వేనా, ఇంకెవరైనానా అని కేకలేశాడు. ఎదురింటివాళ్ళు అరుగు మీదికి వచ్చి విన్నారు. వచ్చే వారం యోబు వాళ్ళింట్లో పని మొదలుపెట్టాలి. వేరే మనిషిని చూసుకుంటామన్నారు.

"ఎండ పడే గదికి బొగ్గుపొడి ఆ పాలు సరైందేనండీ," అన్నాడు యోబు. "అమ్మగారినడిగే కలిపానండీ."

భర్త ఆమె వైపు తిరిగాడు. "ఏం చెప్పావు?"

"నేనేం చెప్పలేదండీ. రంగుల సంగతి నాకేం తెలుసు."

యోబు ఆమె వైపు చూడలేదు. రేపొచ్చి కూలి లేకుండా కలిపి ఇస్తానని బాల్చీ ఎత్తుకుని వెళ్ళిపోయాడు. ఒక్కసారి చూసి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు. భర్తకు భయపడినందుకు కాదు. అబద్ధం అంత సులువుగా, అంత మర్యాదగా నోట వచ్చినందుకు, ఆ పూట వడ్డిస్తూ ఎవరి ముఖంలోకీ చూడలేకపోయింది.

మర్నాడు పొద్దున్నే యోబు వచ్చి బాల్చీ దించాడు. భర్త వసారాలో పత్రిక చదువుకుంటున్నాడు. ఎదురింటివాళ్ళు అరుగు మీదే ఉన్నారు. రాజ్యలక్ష్మి వసారా మెట్లు దిగి, యోబు ఎదురుగా నిలబడి, వీధికి వినపడేలా అంది.

"ఆ కిటికీకి మేకులు కొట్టి ఉన్నాయి యోబూ. నువ్వడిగితే ఎండ పడుతుందన్నాను. తప్పు నాది."

ఎందుకు కొట్టారో కూడా చెప్పింది.