గ్రేడు అయిదు

"రెండో గ్రేడు, అయిదో గ్రేడు, రెండింటికీ తుప్పు పట్టది. రెండూ టైటానియమే, రంగు సుత ఒక్కటే. గందుకే కడ్డీ కొసకు గ్రేడు ముద్ర కొడ్తరు," అంటూ హనోకు చేతిలోని ముక్కను దేవిదాసుకు అందించాడు. "బరువు సూడు. ఉక్కుల సగం కంటె జర ఎక్కువ."

పక్కనే సైకిళ్లు బాగుచేసే దేవిదాసు దాన్ని అరచేతిలో తూచి చూశాడు. "మరి ఫరక్ ఏందన్నా?"

"రెండో గ్రేడు మెత్తన. పైపులకు, ట్యాంకులకు మంచిది. అయిదుల అల్యూమినియం, వనాడియం కలుస్తయి. రెండు మూడింతల బలం. తిరిగే షాఫ్టుకు గదే ఉండాలె."

నిజామాబాదులో ఇరవై ఏళ్లుగా లేతు నడుపుతున్న హనోకుకు ఈ సంగతులు కాగితాల్లోంచి రాలేదు, వేళ్లలోంచి వచ్చాయి. తొంభై ఏడులో బోధను దగ్గరి ఒక బ్లీచింగు ఫ్యాక్టరీ పంపు షాఫ్టుకు అయిదో గ్రేడు కోరింది. అంతకుముందు వారం అతను రెండు గ్రేడుల కడ్డీలనూ ముద్ర ఉన్న కొస నుంచే కోశాడు. మిగిలిన ముక్కలకు పేరు లేకుండా పోయింది. ఇదే అయిదనుకుని ఒకటి తీసి లేతుకెక్కించాడు.

"నీ లేతు మాట్లాడుతదంటవు గదా. గా రోజు మూగబోయిందా?" అన్నాడు దేవిదాసు నవ్వుతూ.

"మాట్లాడింది. అయిదైతే టూలు తిప్పలు పడాలె. గిది రెండో గ్రేడు గద, వెన్నలెక్క కోసుకపోయింది, పొట్టు పొడుగ్గ చుట్టలు తిరిగింది. పని జల్ది అయితాందని ఖుష్ అయిన. నేనే యినలే."

దేవిదాసు నవ్వు ఆగిపోయింది.

పంపుకు బిగించిన ఎనిమిదో రోజు షాఫ్టు వంగింది. పంపు నడిపే సాయన్న బోల్టులు బిగించడంలో తప్పు చేశాడని ఫ్యాక్టరీ అతన్ని తీసేసింది. మూడేళ్లుగా వర్నిలో వరి కూలికి పోతున్నాడు. నిన్న ఇరుసుకు తొడిగే ఒక బుష్షు చేయించుకుందామని వచ్చి, ఇదే స్టూలు మీద కూర్చున్నాడు.

"ఏమన్నడో ఎరికేనా? 'నాదే తప్పన్నా, ఎక్కువ బిగిస్తినేమో' అన్నడు. వాడు సుత నమ్మిండు. నేను చాయ్ తాపి తోలిచ్చిన."

దేవిదాసు ముక్కను లేతు పక్కన పెట్టాడు. "నువ్వే పోయి చెప్పు."

"పోత గని, వాని మొకం సూస్తె మాట మార్చి మల్లొస్త. నువ్వు ముందుగాల వర్ని బస్సెక్కు. షాఫ్టు తప్పు హనోకుదే, నీది గాదని వానికి జెప్పు. ఎనుకనే ఇంకో బస్సుకు నేనొస్త. నేనొచ్చేసరికి వానికి ఎరికై ఉండాలె. పో దేవిదాసూ."