ఏడు కాఫీలు, ఒక సంతకం

ఆ రోజుల్లో తుపాకీ పట్టుకోవాలని నాకు పుట్టిన కోరికకి కారణం పౌరుషం కాదు, మనుషుల మీద బెంగ. వినేవాళ్ళు నవ్వుతారు గానీ నిజం అంతే. అప్పటికి రెండేళ్ళుగా నేను ఉప్పలగుప్తం అవతల రొయ్యల చెరువుల మీద కాపలాదారుణ్ణి. చేతిలో కర్ర, మెడలో ఈల, చుట్టూ నీళ్ళు, నీళ్ళ మీద కొంగలు. పొద్దున్నించి సాయంత్రం దాకా నేను నోరు విప్పేది ఆ కొంగల్ని అదిలించడానికే. (వాటిని కూడా "పదండి, పదండి" అనేవాణ్ణి. గోదావరి నీళ్ళు తాగిన నోరు, ఏం చేస్తాం?) ఇంటికొస్తే అక్కడా ఎవరూ లేరు. అమ్మా నాన్నా నేను ఇంటర్ పూర్తి చేసే లోపే పోయారు. అక్కయ్య బావగారితో మస్కట్‌లో ఉండేది. నా ఈడువాళ్ళంతా దోహా అనీ కువైట్ అనీ వెళ్ళిపోయారు. ఊళ్ళో నేనొక్కణ్ణే మిగిలిపోయాను, ఎందుకంటే నాకు విమానమంటే భయం. విమానమంటే భయపడేవాడు తుపాకీ ఎలా పడతాడని అప్పుడు నాకు తోచలేదు.

అలా ఉండగా మా సూపర్‌వైజరు ఒక కబురు చెప్పాడు. శిక్షణ పూర్తిచేసి, సొంత పేరు మీద తుపాకీ లైసెన్సు తెచ్చుకున్నవాడికి అమలాపురంలో ఒక బ్యాంకు గుమ్మం దగ్గర ఉద్యోగమట. బ్యాంకు గుమ్మం! వచ్చేపోయే జనం, పలకరింపులు, పెన్షన్ల ముసలివాళ్ళ కబుర్లు. జీతం ఎంతని కూడా అడగలేదు నేను. మర్నాడే వెళ్ళి శిక్షణలో చేరాను.

శిక్షణ ఒక మూతపడ్డ కొబ్బరిపీచు మిల్లు ఆవరణలో. నేర్పేవాడు పటాలంలో చేసి వచ్చిన హవల్దారుగారు. ఉన్న చెక్క తుపాకులు ఎనిమిది, చేరినవాళ్ళం పదిహేనుమందిమి. మిగతావాళ్ళకి తలో కొబ్బరిమట్ట ఇచ్చారు. ఆ విధంగా నా ఆయుధ విద్య కొబ్బరిమట్టతో మొదలైంది. కవాతు బాగానే వచ్చింది గానీ, కొత్తవాడు గేటు దగ్గరికొస్తే గద్దించి ఆపడం మాత్రం నా వల్ల కాలేదు. నా వంతు వచ్చినప్పుడల్లా "కాస్త ఆగుతారా అండీ?" అనే వచ్చేది. హవల్దారుగారు తల పట్టుకుని, దొంగని అండీ అంటే వాడు కాఫీ కూడా అడుగుతాడురా అనేవారు. ఆఖర్న కాకినాడ తీసుకెళ్ళి నిజం తుపాకీతో తలో ఐదు తూటాలు పేల్పించారు. నా నాలుగు తూటాలు ఎటు పోయాయో ఆ దేవుడికే ఎరుక. ఐదోది వెళ్ళి పక్కవాడి గురి అట్టకి తగిలింది. (వాడు ఆ సాయంత్రం నాకు టీ ఇప్పించాడు.) నాకింక సర్టిఫికెట్టు రాదనుకున్నాను. కానీ హవల్దారుగారు నా ముఖం ఒకసారి చూసి, పేల్చడం ఎవడైనా నేర్చుకుంటాడు, పేల్చకుండా ఉండడమే అసలు విద్య, అది నీకు బాగానే వచ్చింది అని సంతకం పెట్టేశారు.

అసలు కథ లైసెన్సు దగ్గర మొదలైంది. నా నడవడికి పూచీ పడుతూ ఊరివాళ్ళు ఇద్దరు సంతకం చెయ్యాలన్నారు. మొదటిది సులువుగా దొరికింది. రిటైరైన మా మాష్టారు తన ముందు పెట్టిన ఏ కాయితం మీదైనా చదవకుండా సంతకం పెట్టే మహానుభావుడు. రెండోదాని కోసం ఏడిళ్ళకి తిరిగాను. మా గోదావరి సీమలో కాదనడమనేది లేదు కదా. ఏడిళ్ళలోనూ "ఆయ్, దానికేవండి" అన్నారు. ఏడిళ్ళలోనూ కాఫీ ఇచ్చారు. సంతకం మాత్రం ఎవరూ పెట్టలేదు. ఒకాయన అమావాస్య వెళ్ళాక రమ్మన్నారు. ఒకాయన చేతికి కీళ్ళనొప్పి ఆ క్షణాన్నే పట్టుకుంది. నేను ఎవర్నో కాలిస్తే స్టేషను మెట్లు తాము ఎక్కాలని వాళ్ళ భయం, అది నాకూ తెలుసు. ఏడో ఇంట్లో కిరాణా కొట్టు వదినగారు మాత్రం గ్లాసు అందుకుంటూ ఉన్నమాట చెప్పేశారు.

"మీరు మంచోరేనండి. కానీ మీ గురించి మాకేం తెలుసండీ?"

పుట్టి పెరిగిన ఊరు. ఆవిడ కొట్టుకి చిన్నప్పట్నించీ వెళ్తున్నవాణ్ణి. ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుంటే, సంతకం రాలేదన్న దిగులు పోయి, నన్నెరిగిన మనిషి ఒక్కరు లేరన్న దిగులు పట్టుకుంది. ఆ పూట అన్నం వండుకోలేదు.

ఇక్కడ మా పక్కింటి బాబాయిగారి సంగతి చెప్పాలి. చుట్టరికం ఏమీ లేదు, పిలుపే. పెద్ద తుపానుకి మా కొబ్బరిచెట్టు ఒకటి వాళ్ళ పెంకుటింటి మీదికి వాలిపోయింది. కొట్టించడానికి నాకు మనసొప్పదు, అమ్మ పాతిన చెట్టు. కాయ పడ్డప్పుడల్లా ఆయన పెంకులు పగిలేవి, దడి దగ్గరికొచ్చి తగువు పెట్టుకునేవారు. ఆయనకి కోపం పెరిగేకొద్దీ మర్యాద కూడా పెరిగేది. ఊరందర్నీ ఒరే అని పిలిచే మనిషి, నన్ను మాత్రం అబ్బాయిగారూ అనీ, తమరు అనీ అనేవారు. ఆరేళ్ళు అదే వరస. ఏడిళ్ళ లెక్కలో ఆయన ఇల్లు లేదని వేరే చెప్పక్కర్లేదు.

హెడ్ కానిస్టేబుల్ గారు విచారణకి వచ్చిన రోజు మా అరుగు మీదే కూర్చుని, రెండో సంతకం లేకపోతే కాయితం ఇలాగే వెనక్కి పంపేస్తానన్నారు. కొబ్బరికాయకి సమయం, సందర్భం ఉండవు. ఫెళ్ళుమంది. బాబాయిగారు ఒక చేత్తో కాయ, ఒక చేత్తో పగిలిన పెంకు పట్టుకుని దడి పక్కకి వచ్చేశారు.

"ఏవండీ అబ్బాయిగారూ, తమరి కాయ మా ఇంటికి చుట్టంచూపుకి వచ్చిందండి. నట్టింట్లోకి దిగబోతుంటే నేనే ఆపేనండి."

నా ఉద్యోగం అక్కడితో సరి అనుకున్నాను. హెడ్డుగారు ఆసక్తిగా ముందుకి వంగి, ఈయనతో మీకు తగాదాలున్నాయా అని అడిగారు. ఆయ్, ఆరేళ్ళ నించీ అండి అన్నారు బాబాయిగారు. మరి ఈయనకి తుపాకీ ఇవ్వచ్చా అన్నారు హెడ్డుగారు. బాబాయిగారు చేతిలో పెంకు వంక చూశారు, నా వంక చూశారు.

"ఇవ్వచ్చండి. పేలిస్తే ముందు నన్నే పేల్చాలి కదండీ ఈడు. ఆరేళ్ళు నోటికొచ్చినట్టు అన్నానండి. ఒక్కనాడు గొంతు లేపలేదు. చెట్టు దింపు తీయించినప్పుడల్లా సగం కాయలు మా గుమ్మంలో పెట్టేసి పోతాడు, చెప్పడు కూడానండి. ఎక్కడండీ సంతకం?" అని నా వైపు తిరిగి, "ఒరేయ్, గుడ్లప్పగించి చూస్తావేంట్రా, పెన్ను తే."

లోపలికి పరిగెత్తాను. పెన్ను బల్ల మీదే ఉంది గానీ, కళ్ళలో నీళ్ళు నిండి చాలాసేపు కనబడలేదు.

లైసెన్సు వచ్చింది, బ్యాంకు గుమ్మమూ వచ్చింది. తీరా చూస్తే భుజాన తుపాకీ ఉన్నవాడితో కబుర్లు చెప్పడానికి ఎవరికీ ధైర్యం లేదు. జనం నన్ను చూసి నాలుగడుగులు ఎడంగా నడిచేవారు. తల్లులు పేచీ పెట్టే పిల్లలకి నన్ను చూపించి నోరు మూయించేవారు. రొయ్యల చెరువే నయం, కొంగలైనా దగ్గరికొచ్చేవి. సాయంత్రం ఇంటికొస్తే దడి అవతల్నించి "ఒరేయ్ తుపాకీ, ఇవాళ ఎంతమందిని కాల్చేవురా?" అన్న కేక ఒక్కటే నా రోజంతటికీ పలకరింపు. మూడేళ్ళకోసారి లైసెన్సు రెన్యువల్ కాయితాలు తయారుచేసినప్పుడు, అవసరం లేకపోయినా ఆయన చేత ఒక సంతకం పెట్టించుకునేవాణ్ణి. ముందు పెంకుల గురించి తగువు, ఆ తర్వాత సంతకం. అలా నాలుగుసార్లు పెట్టారు. ఐదోసారికి ఆయన లేరు. నేనూ ఆ తుపాకీని అప్పగించేశాను.

ఇప్పుడా ఇంట్లో కొత్తవాళ్ళున్నారు, పెంకులు తీయించి స్లాబు వేశారు, దడి తీసి గోడ కట్టారు. చెట్టు అలాగే ఉంది. మొన్న కాయ పడింది. స్లాబు కదా, ఏమీ పగల్లేదు. ఆ ఇంటాయన కాయ తీసుకొచ్చి, మీదేనాండి అని రెండు చేతులతో నాకందించి వెళ్ళారు. ఎంత మర్యాదస్తులో. నేను కాయ పట్టుకుని ఇంకాసేపు గోడ దగ్గరే నిలబడ్డాను, తిరిగొచ్చి ఏమైనా అంటారేమోనని.