చిటికెల రాయి

తొట్లాయన జేబులో పెన్ను ఉండదు. చెవి వెనక పెన్సిలు ముక్క ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా ఇళ్ళలో, ఆసుపత్రుల్లో ఉప్పునీటి చేపల తొట్లు శుభ్రం చేసే మనిషి. ఏ తొట్టిలో ఉప్పెంత, వేడెంత అన్నది వారం వారం రాసుకోవాలి. పెన్సిలుతోనే రాస్తాడు. ఎవరైనా పెన్ను అందిస్తే, అందులోనూ పైన మీట నొక్కే రకమైతే, చేయి వెనక్కి తీసుకుంటాడు.

"తడి చేతులండీ" అంటాడు.

తడి చేతులకు పెన్సిలు మాత్రం ఎలా పనికొస్తుందని ఎవరూ అడగరు.

ఆ అలవాటు లెక్కల టీచరుగారి తొట్టితో మొదలైంది. ఆవిడ రిటైరై పదేళ్ళు. ముందుగదిలో గోడ పొడవునా ఉన్న ఆ తొట్టి ఆవిడ భర్త ముచ్చటపడి పెట్టించుకున్నది. ఆయన పోయాక చేపలు కూడా ఒక్కొక్కటే పోయాయి. కొత్తవి వద్దంది. చివరికి రాళ్ళూ ఇసుకా మిగిలాయి. చూడవచ్చినవాళ్ళు, రాళ్ళకి ఇంత సేవా అని నవ్వేవారు.

అవి ఉత్త రాళ్ళు కావు. సముద్రం కొన్నాళ్ళు ఇల్లు కట్టుకుని ఉండి వదిలిపెట్టినట్టుంటాయి. ఆ రంధ్రాల్లో కంటికి కనిపించని ప్రాణులు నీళ్ళలోని మురికిని తిని నీళ్ళను బతికిస్తుంటాయి. దారప్పోగుల్లాంటి పురుగులుంటాయి. జీవమున్న రాయి అంటారు ఆ పనిలో ఉన్నవాళ్ళు. ఇసుకా అంతే. పైన రెండు వేళ్ళ మందం గాలి పీలుస్తుంది. లోతుగా పేరుకుంటే అడుగున నల్లబడుతుంది. కదపనంతవరకు ఆ నలుపు ఎవరి జోలికీ రాదు. కదిపితే విషం.

టీచరుగారి రాళ్ళలో ఒక రొయ్య కూడా ఉండేది. చిటికెన వేలంత. దానికి ఒక పంజా పెద్దది. దాన్ని టక్కున మూస్తే, నీళ్ళ లోపల ఎవరో చిటికె వేసినట్టు చప్పుడయ్యేది. భర్తకు చివరి ఏడాది మాట పడిపోయింది. రోజంతా తొట్టి పక్క కుర్చీలో కళ్ళు మూసుకుని ఉండేవాడు. రాళ్ళలో టిక్కుమంటే ఆయన చూపుడువేలు కొంచెం పైకి లేచేది. వంటింటి గుమ్మంలోంచి ఆ వేలు చూసి, మనిషి మెలకువగానే ఉన్నాడని ఆవిడ తెలుసుకునేది. అప్పటికి ఆయన పోయి రెండేళ్ళు. ఆ కుర్చీలో ఆవిడ కూర్చునేది. చిటికె వినపడితే తెలియకుండానే ఆవిడ వేలు లేచేది.

ఒకరోజు తొట్టి అడుగు అంచున వెంట్రుకంత పగులు కనిపించింది. కొత్త తొట్టి చేసివ్వడానికి ఆరు వారాలు పడుతుందన్నాడు అద్దాలవాడు.

"ఈ రాళ్ళని తడిబట్టలో చుట్టి ఉంచితే ఉండవా నాయనా?"

"ఉండవమ్మా. ఉప్పునీళ్ళు కావాలి, అవి కదులుతుండాలి, వెచ్చగా ఉండాలి. మా ఇంటికి తీసుకెళ్తాను. మా పిల్లల్ని చూసుకున్నట్టు చూసుకుంటాను."

"మీ పిల్లల్ని ఎలా చూసుకున్నావో ముందు మీ ఆవిణ్ణి అడగాలి."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు తరవాత చాలాకాలం తొట్లాయన చెవిలో ఉండిపోయింది.

వాళ్ళింటి వెనక వసారాలో నీలం రంగు డ్రమ్ము ఒకటి, వెడల్పాటి తొట్టి ఒకటి ఉన్నాయి. డ్రమ్ములో రాళ్ళు, తొట్టిలో పలచగా పరిచిన ఇసుక, రెంటిలోనూ వేడిచేసే గొట్టం, నీళ్ళు తిప్పే చిన్న మోటారు. ఇదీ పద్ధతి. ఇసుక లోతుగా పోసి దాని మీద రాళ్ళు పేర్చొద్దని తన దగ్గర పని నేర్చుకున్న ప్రతివాడికీ వేలు చూపించి మరీ చెప్పిన మనిషి అతను. ఆ సాయంత్రం రాళ్ళతో, ఇసుకతో ఇంటికొచ్చేసరికి వెడల్పాటి తొట్టి నిండా దుప్పట్లు నానుతున్నాయి.

"ఇప్పుడే నానబెట్టాను" అంది భార్య. "మీ ఇసుకకి రేపటిదాకా నిద్ర పట్టదా ఏంటి?"

నడుం నొప్పిగా ఉంది. ఒక్కరోజే కదా అనుకున్నాడు. ఇసుక మొత్తం డ్రమ్ము అడుగున పోశాడు, మూరెడు లోతున. దాని మీద రాళ్ళు పేర్చాడు.

మర్నాటికి దుప్పట్లు తీగ మీద ఆరుతున్నాయి. తొట్టి ఖాళీ. ఆ రోజు ఏదో ఆసుపత్రిలో తొట్టి కారుతోందని పిలుపొచ్చింది. ఆ తర్వాత రోజు ఇంకేదో. మిగతా పనులన్నీ తప్పకుండా చేశాడు. డ్రమ్ముకు గీత గీసి, నీళ్ళు గీత దిగితే మంచినీళ్ళు కలిపేవాడు. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు ఎక్కడికీ పోదు, అందుకని ఉప్పునీళ్ళు పోయకూడదు. వేడి చూసేవాడు. మూత సరిచేసేవాడు. ఇసుక సంగతి మాత్రం రేపు అనుకునేవాడు. ఖాళీ తొట్టి గోడకు ఆనుకుని రోజూ అతని వంకే చూస్తుండేది. అతను దాని వంక చూడకుండా పక్కనుంచి వెళ్ళేవాడు.

రోజూ సాయంత్రం ఆరింటికి టీచరుగారి ఫోను వచ్చేది.

"మావాడు ఏమంటున్నాడు?"

ఫోను డ్రమ్ము అంచున పెట్టేవాడు. ఒక్కోసారి అయిదు నిమిషాలు పట్టేది. ఆవిడ అటువైపు ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ వేచి ఉండేది. టిక్కుమనేది.

"హమ్మయ్య. ఉన్నాడు" అని పెట్టేసేది.

ఇరవై నాలుగో రోజు మధ్యాహ్నం అతనికి తీరిక దొరికింది. ఇసుక మార్చేద్దామని కూర్చున్నాడు. ముందు నీళ్ళు వేరే డ్రమ్ములోకి తోడాలి, తర్వాత రాళ్ళు మార్చాలి, చివర్న ఇసుక ముట్టుకోవాలి. తోడే ఓపిక లేక చేతులు నేరుగా లోపల పెట్టాడు. మూడో రాయి తడిచేతుల్లోంచి జారింది. బరువుగా వెళ్ళి ఇసుకలో దిగబడింది. అడుగునుంచి బూడిదరంగు మబ్బు ఒకటి మెల్లగా పైకి లేచింది. దానితోపాటు కుళ్ళిన గుడ్డు వాసన.

రెండు చేతులతో రాళ్ళు బయటికి లాగాడు. అప్పటికప్పుడు ఉప్పునీళ్ళు కలిపి బకెట్లలో పెట్టాడు. బయటికి చాచుకుని ఉన్న పురుగులు దారాల్లా వేలాడాయి. రొయ్య ఇసుక మీద వెల్లకిలా దొరికింది. అరచేతిలో పెట్టుకుని చూశాడు. పెద్ద పంజా తెరిచే ఉంది, ఇంకో చిటికె వేయబోతూ ఆగినట్టు.

ఆరింటికి ఫోను మోగింది.

"మావాడు ఏమంటున్నాడు?"

చెబుదామనే నోరు తెరిచాడు. అప్పట్లో జేబులో మీట నొక్కే పెన్ను ఉండేది. చేయి దాని మీదికి ఎలా వెళ్ళిందో అతనికి తెలియదు. ఫోను పక్కన ఒక్కసారి నొక్కాడు.

"హమ్మయ్య. ఉన్నాడు."

మర్నాడూ నొక్కాడు. వెంటనే నొక్కితే అనుమానం వస్తుందని కాసేపు ఆగి నొక్కడం మూడో రోజుకి నేర్చుకున్నాడు. ఆ ఆగడంలో అటువైపు ఆవిడ ఊపిరి వినిపించేది. అన్నింటికన్నా అది వినడమే కష్టంగా ఉండేది. అయిదో రోజు భార్య చూసింది. ఫోను పెట్టేసేదాకా ఆగింది.

"బాగా నొక్కుతున్నారు. ఇంకో నాలుగు రోజులైతే రొయ్యే వచ్చి మీ దగ్గర నేర్చుకుంటుంది."

"ఎలా చెప్పమంటావే? అయినా వాటి ఆయుష్షే అంత. రేపో మాపో అదే పోయేది."

"ఆ మాట ఆవిడతోనే అనండి మరి."

అనలేకపోయాడు. రాళ్ళకు మాత్రం ప్రాణం పెట్టి సేవ చేశాడు. రోజు విడిచి రోజు నీళ్ళు మార్చాడు. చచ్చినదంతా పళ్ళు తోమే కుంచెతో మెల్లగా రాల్చాడు. నల్లబడిన ఇసుక పారేసి, బాగున్నది రెండు గుప్పిళ్ళయితే అదే వెడల్పాటి తొట్టిలో పరిచాడు. వాసన పోయింది. నీళ్ళు తేటపడ్డాయి. రాళ్ళు మాత్రం మాట్లాడలేదు.

కొత్త తొట్టి వచ్చిన రోజు పొద్దున్నే చేపల దుకాణానికి వెళ్ళాడు. అలాంటి రొయ్యే ఒకటి ఉంది.

"ఇదీ టిక్కుమంటుంది" అన్నాడు దుకాణందారు. "రొయ్య మొహం ఎవడు గుర్తుపడతాడు బావా?"

దాన్ని కొని, గాలి నింపిన నీళ్ళ సంచితో సహా పనిముట్ల పెట్టెలో దాచుకుని టీచరుగారింటికి వెళ్ళాడు. రాళ్ళు పేర్చాడు, ఇసుక పరిచాడు, నీళ్ళు నింపాడు. ఆవిడ లోపలికి వెళ్ళినప్పుడు సంచి విప్పాలనుకున్నాడు. ఆవిడ వెళ్ళలేదు. ఆ కుర్చీలోనే కూర్చుని, కళ్ళు మూసుకుని, చూపుడువేలు సిద్ధంగా పెట్టుకుని వేచి చూస్తోంది.

టిక్.

ఆవిడ వేలు లేచింది. కళ్ళు తెరిచి తొట్టి వైపు కాదు, నేలమీదున్న పనిముట్ల పెట్టె వైపు చూసింది.

తొట్లాయన నేలమీద కూర్చుండిపోయాడు. దుప్పట్ల దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాడు. మధ్యలో ఎక్కడా ఆయుష్షు మాట ఎత్తలేదు. చివర జేబులోంచి పెన్ను తీసి చూపించాడు. ఆవిడ చాలాసేపు పెన్నునే చూసింది.

"ఎన్నిసార్లు?"

"పద్దెనిమిది, అమ్మా."

"పద్దెనిమిది సాయంత్రాలు నా చేత వేలెత్తించావు."

అతను పెన్ను నేలమీద పెట్టేశాడు.

"చచ్చిపోయిందంటే ఏడ్చేదాన్ని. ఏడ్చి ఊరుకునేదాన్ని" అందావిడ. "పెట్టెలో ఉన్నదాని తప్పేం లేదు. దాన్ని ఎక్కడైనా బతికించు. ఇక్కడ మాత్రం వద్దు. నువ్వు వారం వారం వచ్చి ఈ రాళ్ళు చూడు. మానేస్తావేమో, మానకు."

రొయ్యను పళ్ళ డాక్టరుగారి తొట్టిలో వదిలాడు. అక్కడ అది టిక్కుమన్నప్పుడల్లా కుర్చీలో ఉన్నవాళ్ళు ఉలిక్కిపడతారని డాక్టరు నవ్వుతాడు. వారానికోసారి తొట్లాయనా ఉలిక్కిపడతాడు.

టీచరుగారింట్లో వారాలు నిశ్శబ్దంగా గడిచాయి. ఆవిడ తలుపు తీసేది, మంచినీళ్ళిచ్చేది, మాట్లాడేది కాదు. అతను నీళ్ళు మార్చి, పెన్సిలుతో రాసుకుని వెళ్ళేవాడు. రాళ్ళ మీద గోధుమరంగు నాచు పట్టింది, పోయింది. అయిదో నెలలో ఒక పొద్దున అద్దం తుడుస్తూ ఆగిపోయాడు. జారి ఇసుకలో దిగబడిన ఆ మూడో రాయి అడుగున, గుండుసూది మొనంత రంధ్రంలోంచి, తెల్లటి కుచ్చు ఒకటి విప్పుకుంది. ఈకలా ఉంది. అతని నీడ పడగానే రాతిలోని పురుగు దాన్ని లోపలికి లాక్కుంది.

చెప్పాలా వద్దా అనుకున్నాడు. ఈసారి ఆలస్యం చేయలేదు.

"అమ్మగారూ, ఒకసారి ఇలా రండి."

ఆవిడ వచ్చి, కళ్ళజోడు సరిచేసుకుని, మోకాళ్ళ మీద వంగింది. ఇద్దరూ కదలకుండా ఉన్నారు. ఈక మళ్ళీ మెల్లగా విప్పుకుంది.

"నువ్వు తెచ్చి పెట్టింది కాదు కదా?"

"కాదమ్మా. రాయిలోదే. ఎలా తప్పించుకుందో."

"చప్పుడు చేస్తుందా ఇది?"

"చేయదమ్మా."

"నయం" అందావిడ. "నీకు పని తగ్గింది."

ఆ మాటకు నవ్వాలో వద్దో తొట్లాయనకు తెలియలేదు. ఆవిడ కుర్చీని తొట్టికి ఇంకొంచెం దగ్గరికి జరుపుకుంది. కళ్ళు మూసుకోకుండా, తెరిచే కూర్చుంది. అతను పెన్సిలు తీసి ఆ రోజు ఉప్పెంతో, వేడెంతో రాసుకున్నాడు. కింద ఇంకో ముక్క రాశాడు: ఒకటి ఉంది.