ఇప్పుడేనా రావడం?

గుంటూరు శివారులో రిటైరైనవాళ్ల కాలనీ అది. సువార్తమ్మ టీచరుగారు ఏడాది పొడుగునా అక్కడే. జ్యోతిర్మయి మాత్రం ఢిల్లీ చలికి తట్టుకోలేక ఏటా చలికాలంలో వచ్చి ఉండి పోతుంది. ఆవిడ కారు దిగితే చాలు, "ఇప్పుడేనా రావడం?" అంటూ అందరూ చుట్టూ మూగుతారు. కాలనీ మెస్సు వంటావిడైతే పండుమిరప పచ్చడి ప్రత్యేకంగా నూరుతుంది. సువార్తమ్మకి ఒళ్లు మండిపోయేది. రోహిణి కార్తె ఎండల్లో ఇక్కడే మాడిన తనని ఆ మాట అడిగే నాథుడు లేడు!

'నేనూ వెళ్లొస్తే అడగరా?' అనుకుని, వినుకొండలో చెల్లెలింట్లో వారం ఉండి, పెద్ద పెట్టెతో ఆటో దిగింది. మెస్సు వరండాలో కూర్చున్నవాళ్లలో ఒక్కరూ పేపరు దించలేదు.

జ్యోతిర్మయే ఎదురొచ్చి పెట్టె అందుకుంది. "ఇప్పుడేనా రావడం? మీ కుర్చీలో ఎవర్నీ కూర్చోనివ్వలేదండీ."

సువార్తమ్మకి నవ్వక తప్పలేదు. మర్యాదలన్నీ కొట్టేసింది చాలక, ఈ మహాతల్లి ఇప్పుడు తిట్టుకునే వీలు కూడా లేకుండా చేసింది!