దేవుడి గూట్లో కారు తాళంచెవి

ఈ రోజు మా కారు అక్షరాలా దేవుడి దయతోనే తెరుచుకుంది! చెల్లెలిని ఇంటర్వ్యూకి సిద్దిపేట నుంచి హుస్నాబాద్ తీసుకెళ్లాలి. ఇంటి ముందు రిమోట్ ఎంత నొక్కినా కారు ఉలకలేదు, పలకలేదు. కారు బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. రిమోట్ లోపల దాచి ఉండే ఇనుప తాళంచెవితో తలుపు తీయమని మెకానిక్ ఫోన్లో చెప్పాడు. లాగి చూస్తే లోపల ఖాళీ! చెల్లెలు ఏడుపు మొహం పెట్టింది.

అమ్మ మాత్రం తాపీగా, "గా సన్న చెవినా? బండి పూజనాడు అయ్యగారు తాళంచెవి అడిగితే దేవుని కాడ పెట్టిన. గీ బటన్ల డబ్బిని తాళమని ఎట్ల పెడత బిడ్డా?" అంది.

కుంకుమబొట్టుతో వచ్చిన ఆ చెవి తిప్పగానే తలుపు తెరుచుకుంది! మా బాపు తన ట్రాక్టర్ బ్యాటరీ నుంచి కారు బ్యాటరీకి వైర్లు కలపగానే కారు స్టార్టయింది. చెల్లెలు వేళకు చేరింది.

మీ రిమోట్ కూడా ఓసారి విప్పి చూడండి. ఖాళీగా ఉంటే ముందు అమ్మనడగండి, ఎక్కడ దొరికిందో నాకూ చెప్పండి!