ఇద్దరం కలిసి తెచ్చిన విడాకుల నకలు

ఆ ఆదివారం మధ్యాహ్నం నేను పదో తరగతి పేపర్లు దిద్దుకుంటున్నాను. చీపురుపల్లిలో స్టేషనుకు దగ్గరగా ఒక మేడమీద వాటాలో అద్దెకుంటాను. పైకి వస్తే ఇంటావిడ రావాలి, లేదంటే పాలమనిషి. ఆ వేళప్పుడు ఎవరూ రారు. మెట్లమీద చెప్పుల చప్పుడు వినిపించి తలెత్తేసరికి గుమ్మంలో ఒకామె నిలబడి ఉంది. ముప్పై అయిదేళ్లుంటాయేమో. నలిగిన నేతచీర, చేతిలో బట్టలకొట్టు సంచి, నుదుట బొట్టు లేదు.

"లెక్కల టీచరమ్మ గారు మీరేనాండి?"

"నేనేనమ్మా. ఏ క్లాసు, మీ పిల్ల?"

"పిల్ల కోసం కాదండి." నా ముఖంలోకి కాసేపు చూసింది. నేనెలా ఉంటానో ముందే ఊహించుకుని వచ్చినట్టు, ఆ ఊహతో నన్ను సరిపోల్చుకుంటున్నట్టు చూసింది. తర్వాత ఒక మగమనిషి పేరు చెప్పింది. ఏళ్ల తరబడి నా ముందు ఎవరూ పలకని పేరు అది. "నాను ఆయన భార్యనండి. ఆయన పోనారు."

మా వైపు వెళ్లినా పోనారే, చచ్చిపోయినా పోనారే. నేను మొదటి అర్థమే తీసుకున్నాను.

"ఎక్కడికి?" అన్నాను.

ఆమె నోరు తెరిచి ఏదో చెప్పబోయి, గుమ్మం పట్టుకుని కిందకి జారి కూర్చుంది. అప్పుడు అర్థమయింది నాకు.

మంచినీళ్లిచ్చాను. తాగి, మెల్లగా చెప్పింది. కిడ్నీలు పాడయ్యాయట. "మా ఉద్దానంలో ఇంటికొకలు అలాగే పోతన్నారు కదండీ. ఈయనకి రాదులే అనుకున్నాం. వారం వారం టెక్కలి తీసుకెల్లి రక్తం కడిగించీవోలం. రెండేల్లు లాగేరు." ఆయన పోయి అప్పటికి మూణ్నెల్లు. ఆ మూణ్నెల్లూ నేను రోజూ బడికెళ్లి, వచ్చి, వండుకుని తిని పడుకున్నాను.

ఆయనా నేనూ ఏడేళ్లు కాపురం చేశాం. పిల్లలు కలగలేదు. ఆయన ఇరిగేషన్ ఆఫీసులో గుమస్తా. టెక్కలి బదిలీ అయ్యాక ప్రతి శనివారం వచ్చేవారు. తర్వాత నెలకొకసారి, తర్వాత పండగలకి. నాకు బడి వదలాలనిపించలేదు, ఆయనకి తల్లిని వదలాలనిపించలేదు. కొట్టుకున్నదీ లేదు, తిట్టుకున్నదీ లేదు. చివరికి ఇద్దరం ఒప్పుకుని విజయనగరం కోర్టులో విడాకులు తీసుకున్నాం. డిక్రీ వచ్చిన రోజు కోర్టు బయట టీ తాగాం. "బస్సుకి టైమయిపోతంది" అని గ్లాసు సగంలో పెట్టి లేచారు. ఆయన్ని అదే చివర చూడడం.

ఆమె వచ్చిన పని ఇదీ. ఉద్యోగంలో చేరినప్పుడు రాసిన కాగితాల్లో భార్యగా నా పేరే ఉండిపోయింది. మార్పించుకోవాలని ఆయనకి తోచలేదు. ఇప్పుడు ఆమెకు పింఛను రావాలంటే, తనతో పెళ్లికి ముందే మొదటి భార్యతో విడాకులయ్యాయని రుజువు తెమ్మన్నారు ఆఫీసులో. ఆయన దగ్గరున్న డిక్రీ ఇంట్లో ఎక్కడా దొరకలేదు.

"మీకాడ ఉన్నాదేమో అని. తప్పుగా అనుకోకండి. అడగడానికి మొకం సెల్లక రెండుపాల్లు స్టేషను దాకా వచ్చి ఎల్లిపోనాను."

నా దగ్గరా లేదు. ఒక తుఫానుకి ట్రంకుపెట్టెలోకి నీళ్లొచ్చి కాగితాలన్నీ ముద్దయిపోయాయి. బడి సర్టిఫికెట్లు మళ్లీ తెప్పించుకున్నాను గానీ దీని జోలికి పోలేదు. మా లాయరు గారు కూడా పోయి చాలా కాలమయింది.

"కోర్టులో నకలు ఇస్తారు. నేను అడిగితే తొందరగా ఇస్తారు, కేసు నాదే కదా" అన్నాను.

"నానూ వస్తానండి. మీరొక్కరూ ఎందుకు తిరగాల?"

ఆమె వెళ్లిపోయాక స్నానం చేయాలా అని ఆలోచనలో పడ్డాను. చావు కబురు ఆలస్యంగా తెలిసినా అయినవాళ్లు తలస్నానం చేస్తారు. నేను అయినదాన్నా? అడుగుదామంటే అమ్మ లేదు. శృంగవరపుకోటలో ఉన్న మా అన్నయ్యకి ఫోను చేశాను.

"అయ్యో పాపం" అన్నాడు. "అయినా నీకేటి సంబంధం ఇప్పుడు? కోర్టుల సుట్టూ తిరక్కు. ఆల్ల బాధ ఆల్లు పడతారు" అన్నాడు. తర్వాత వాళ్ల మామిడితోట పూత గురించి చెప్పాడు. విన్నాను.

ఫోను పెట్టేసి తలమీద నీళ్లు పోసుకున్నాను. జుట్టు తడిగా ఉండగానే కూర్చుని మళ్లీ పేపర్లు ముందేసుకున్నాను. ఒకే లెక్కకి ఒకే పిల్లవాడికి రెండుసార్లు మార్కులు వేశానని తర్వాత చూసుకున్నాను.

సెలవు పెట్టి విజయనగరం వెళ్లాను. ఆమె నాకంటే ముందే వచ్చి స్టేషను బయట నిలబడి ఉంది. ఆటోలో కోర్టుకి వెళ్లాం. ఆవరణ పెద్దగా మారలేదు. నల్లకోట్లు, టైపు మిషన్ల స్థానంలో కంప్యూటర్లు, అరుగుల మీద కేసు పిలుస్తారని కాచుకున్న జనం. నకళ్లిచ్చే గది ఎక్కడని అడుగుతూ వెనక వైపు వెళ్లాం.

కిటికీ దగ్గర గుమస్తా కేసు నంబరు అడిగాడు.

"గుర్తులేదండి."

"నంబరు లేకపోతే ఎలాగమ్మా? పోనీ ఏ సంవత్సరం?"

సంవత్సరం చెప్పాను. కంప్యూటరులో ఇద్దరి పేర్లూ కొట్టి చూశాడు. అంత పాత కేసులు అందులోకి ఎక్కలేదన్నాడు. రిజిస్టరులో వెతికించి నంబరు పట్టాలి, అది దొరికాక రికార్డు గదిలోంచి కట్ట తీయించాలి. అర్జీ రాసి, స్టాంపులంటించి, నా ఆధారు కాగితం జతచేసి ఇచ్చాను. అర్జీలో 'నకలు ఎందుకు కావలెను' అన్న చోట ఏం రాయాలో తెలియలేదు. 'సొంత అవసరం' అని రాశాను.

గుమస్తా నా వెనక చూసి, "ఈవిడ?" అన్నాడు.

"నాతో వచ్చింది."

"ఏమవుతారు?"

నేను మాట కోసం వెతుక్కుంటుంటే ఆమె ముందుకొచ్చి, "సెల్లెల్నండి" అంది. ఆ పూట నుంచి నన్ను అప్పా అని పిలవడం మొదలుపెట్టింది. మా జిల్లాల్లో అక్కని అలా పిలుస్తారు. నాకు చెల్లెళ్లు లేరు. ఆ పిలుపుతో అంతకు ముందు నన్నెవరూ పిలవలేదు.

వారం తర్వాత రమ్మన్నారు. ఆ వారమంతా బడిలో ఎవరికీ చెప్పలేదు. ఏమని చెప్పాలి? భర్త పోయాడని చెప్పకూడదు. మాజీ భర్త అంటే, మీకు పెళ్లయిందా టీచర్ అంటారు. స్టాఫ్ రూములో అందరూ డబ్బాలు తెరిచి కూరలు పంచుకుంటుంటే నేను కూడా నా వంకాయ కూర పంచాను.

రెండోసారి వెళ్లినప్పుడు నకలు సిద్ధంగా ఉంది. గుండ్రటి ముద్ర, అధికారి సంతకం, పక్కన తేదీలు. పుచ్చుకున్నట్టు సంతకం చేసి బయటికొచ్చి వేపచెట్టు కింద సిమెంటు బల్లమీద కూర్చున్నాం. ఆమె నకలు రెండు చేతుల్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఇంగిలీసులో ఉన్నాది. ఏటని రాసేరో సదివి సెప్పప్పా."

అలా నా విడాకుల డిక్రీని నేనే ఆమెకు తెలుగులో చెప్పాను. ఫలానా తేదీన పెళ్లయింది. ఫలానా రోజు నుంచి వేరువేరుగా ఉంటున్నారు. సంతానం లేదు. కలిసి ఉండమని కోర్టు నచ్చచెప్పి చూసినా ఫలితం లేకపోయింది. ఇద్దరూ తమ ఇష్టంతోనే అడుగుతున్నారు గనక ఈ వివాహం రద్దయింది. క్లాసులో పాఠం చెప్పే గొంతుతోనే చెప్పుకుంటూ పోయాను. నచ్చచెప్పి చూసినా అన్నచోట మాత్రం ఆగిపోయాను. ఎవరూ నచ్చచెప్పినట్టు నాకు గుర్తు లేదు. ఒక పెద్దాయన కళ్లజోడు పైనుంచి చూసి "ఆలోచించుకున్నారా?" అన్నాడు, మేం "ఆలోచించుకున్నాం" అన్నాం. అంతే.

"ఏటయింది అప్పా మీ ఇద్దరికీ?" అంది ఆమె.

"ఏమీ అవలేదు. నేనిక్కడ, ఆయనక్కడ. అలవాటయిపోయింది."

ఆమె తలూపింది. నమ్మిందో లేదో తెలియదు. అడగకూడదనుకుంటూనే అడిగేశాను. "నా గురించి ఎప్పుడైనా అనేవారా?"

ఆమె చీర కుచ్చెళ్లు సర్దుకుంది. "అబద్దమాడను. అనీవోరు కాదు. ఒక్కపాలి మా పాప లెక్కలు అడిగితే, 'నాకు రావమ్మా, అవొచ్చిన మనిసి యేరే ఉన్నాది' అన్నారు. పాప ఎవులు నాన్నా అనడిగితే టీవీ పెట్టేసుకున్నారు."

ఏళ్ల కాపురానికి అదొక్కటే మిగిలిందా అనుకున్నాను. ఆమె పక్కనే ఉంది గనక కన్నీళ్లు రానివ్వలేదు. ఆమె సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసి పులిహోర సగం మూతలో పెట్టి నాకిచ్చింది. తిన్నాం. కాగితం పాలిథిన్ కవరులో పెట్టి, కవరు చీర మడతల మధ్య పెట్టి, బస్సెక్కి వెళ్లిపోయింది. కిటికీలోంచి చెయ్యి ఊపింది.

ఎండాకాలం సెలవుల్లో ఫోను చేసింది. పింఛను మంజూరయిందట. "ఓపాలి రా అప్పా. సెలవులే కదా, ఒక్కర్తివీ ఏటి సేత్తావక్కడ?" అంది. వెళ్లాను. టెక్కలిలో దిగి భావనపాడు వైపు ఆటో పట్టుకున్నాను. జీడితోటలు దాటాక రోడ్డు పక్కనే ఉంది వాళ్ల ఇల్లు. కొత్త కోడలిగా నేను కాలు పెట్టిన ఇల్లే. గోడకి ఆయన ఫోటో ఉంది, దండ వేసి. జుట్టంతా తెల్లబడింది. అలా తెల్లబడ్డాక ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. ఎవరో తెలిసినాయన అన్నలా ఉన్నారు.

మా అత్తగారు వసారాలో మంచమ్మీద ఉన్నారు. చూపు ఆనదు. నా అడుగులు విని, "ఎవులే అది?" అన్నారు.

"నేనే అత్తా."

చెయ్యి చాపారు. నేను దగ్గరగా కూర్చుంటే నా ముంజేతిని పైనుంచి కిందకి తడిమి చూశారు.

"సిక్కిపోనావు." చెయ్యి వదలకుండానే, "నువ్వున్నన్నాల్లు ఆడికే రోగమూ నేదే" అన్నారు.

వంటింట్లో ఆమె చేతిలో గరిట ఆగింది. నాకు వినిపించింది. అది నన్ను మెచ్చుకోవడమో, ఆమెను పొడవడమో, ఒక ముసలితల్లి గుండె మంటో, ఏదైనా కావచ్చు. వడ్డించాక ముగ్గురం తిన్నాం. పాప నా దగ్గరకి రాలేదు. తలుపు చాటునుంచి చూసి ఆడుకోడానికి పోయింది. సాయంత్రం ఆమె నన్ను సముద్రం దాకా తీసుకెళ్లింది. పడవలు ఒడ్డుకి లాగి ఉన్నాయి. గాలికి మాటలు వినపడక ఇద్దరం ఊరికే నిలబడి చూశాం.

"మల్లీ రావాల అప్పా" అంది ఆటో ఎక్కిస్తూ. "తప్పకుండా" అన్నాను.

ఆ తర్వాత కొన్నాళ్లు వారానికోసారి ఫోను చేసేది. పాపని కొత్త బడిలో వేయడం, అత్తగారి మందులు, బోరులో నీళ్లు తగ్గడం, అన్నీ చెప్పేది. ఆదివారాలు ఫోను దగ్గర పెట్టుకునే పనులు చేసుకునేదాన్ని. వానలు పడ్డాక తగ్గింది. దసరాకి నేనే చేశాను, ఎవరో బంధువులున్నారని త్వరగా పెట్టేసింది.

ఆయన సంవత్సరీకం కార్తీకంలో వస్తుందని లెక్క కట్టుకున్నాను. రమ్మంటుందని అనుకున్నాను. అత్తగారికి మెత్తటి చీర, పాపకి రంగుల పెట్టె కొన్నాను. హెడ్మాస్టరుకి చెప్పి ఒకరోజు సెలవు కూడా అడిగి పెట్టుకున్నాను. రోజులు దగ్గరపడ్డాయి. ఫోను రాలేదు. నా అంతట నేను చేయడానికి మనసొప్పలేదు. ఆ రోజు బడికే వెళ్లాను.

కొన్ని రోజులు పోయాక చేసింది. "పిలుద్దామనే అనుకున్నానప్పా. మా అన్నదమ్ములు వద్దన్నారు. నలుగురొచ్చే సోట ఆవిడెందుకు, ఎవులని సెప్తావు అన్నారు. ఏటీ అనుకోకు."

"ఏమీ అనుకోలేదు. నువ్వు బాగున్నావా?" అన్నాను.

"ఉన్నాను. నువ్వు?"

"బాగున్నాను."

అనుకోలేదన్నాను గానీ అనుకున్నాను. చాలాసేపు అనుకుంటూనే ఉన్నాను. చీర ఇంటావిడకి ఇచ్చాను, రంగుల పెట్టె ఆరో తరగతిలో ఒక పిల్లకి. ఆయన ఫోటో ఒకటి పంపించమని ఆమెను అడుగుదామని ఉంది. జుట్టు తెల్లబడ్డ ఫోటోయే. ఇంకా అడగలేదు.